డప్పు చెక్క

దండోరా వేయడానికి మనిషి కావాలని నేను ఆ టీచరమ్మ ఇంటికే వెళ్లాను. ఆ రోజు నేను చేసిన తప్పు అదీ. డప్పు కొట్టేవాళ్లు వేరే లేరా అంటే, ఉన్నారు. పక్క ఊళ్లో పెళ్లిళ్లకూ ఊరేగింపులకూ వాయించే కుర్రాళ్లు ఫోన్ చేస్తే బండేసుకుని వస్తారు. అయినా వందేళ్లుగా డప్పు ముట్టని ఆ ఒక్క ఇంటినే ఏరి పట్టుకున్నాను. వాళ్లు ఎందుకు ముట్టరో మా నాయనమ్మ నాకు చిన్నప్పుడే చెప్పింది. విన్నాను, నవ్వాను, మర్చిపోయాను. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి. పరాయి దేశాల రాజుల పట్టాభిషేకాలు తారీఖులతో సహా గుర్తున్నాయి నాకు.

మాది పత్తి, మిరప పండే నల్లరేగడి నేల. తెల్లవాళ్ల కాలంలో ఒక ఏడు, భూమి శిస్తు కట్టం, ఏం చేసుకుంటారో చేసుకోండని ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ ఎదురుతిరిగాయి. కరణాలు, మునసబులు ఉద్యోగాలు వదిలేశారు. సర్కారు పోలీసుల్ని దింపి గొడ్డూగోదానూ బిందెల్నీ జప్తు చేసింది. ఇదంతా జరిగి వందేళ్లు దాటింది. ఆ పోలీసుల్లో ఒక్కడు కూడా బతికి లేడని రూఢి చేసుకున్నాక మా ఊరివాళ్లకు పౌరుషం పొంగింది. ఆ పోరాటానికి గుర్తుగా బస్సు ఆగేచోట నల్లరాయి పలక నిలబెట్టాలని ఒక కమిటీ వేసుకున్నాం. ప్రెసిడెంటు నాకు బావ వరస, మిర్చి కోల్డ్ స్టోరేజీ యజమాని. కన్వీనరు నేను.

కమిటీలో స్వయంగా పొలం దున్నేవాడు ఒక్కడూ లేడు. అందరం కౌలుకిచ్చుకున్నవాళ్లమే. విత్తనం వేయకముందే కౌలు డబ్బు పుచ్చుకుంటాం. తోటను తామరపురుగు తిన్నా, కల్లంలో కాయ వానకు తడిసినా మాకు సంబంధం లేదు. తెల్లదొర నయం, పంట ఇంటికొచ్చేదాకా ఆగేవాడు. అలాంటి మేం కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో, మిరపఘాటుకి తుమ్ముకుంటూ, శిస్తుల దౌర్జన్యం గురించి ఆవేశపడేవాళ్లం.

రాయి మీద మాటలు నేనే రాశాను. ఊళ్లోని పెద్ద రైతు కుటుంబాల పేర్లన్నీ వేసి, అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో మా తాత పేరు పెట్టాను. ఆయన అప్పటి మునసబు. పేరు కింద 'పదవిని తృణప్రాయంగా విడిచి, జప్తు వేలం జరగనివ్వని ధీరుడు' అని రాశాను. ఆ ముక్క రాసేటప్పుడు నాకు కళ్లు చెమర్చాయి కూడా.

ఆవిష్కరణ ఆదివారం. ఊరందరికీ ఎలా చెప్పాలన్న మాట వచ్చింది.

"ఆటోకి మైకు కట్టి తిప్పితే సరిపోద్ది గదా," అన్నాడు బావ.

"మైకేంటి బావా, చవగ్గా! పాతకాలంలోలాగా దండోరా వేయిద్దాం. డప్పు కొట్టుకుంటూ బజారు బజారూ తిరిగితే వీడియోలో ఎంత బాగుంటుంది!" అన్నాను. అవును, అన్నది నేనే.

"అయితే నువ్వే చూడు. ఆ పల్లె వాళ్లతో నీకేగా పరిచయాలు," అన్నాడు.

పల్లె అంటే మా వైపు ఊరికి దక్షిణాన విడిగా ఉండే దళితవాడ. ఇప్పుడు కాలనీ అంటున్నారు, సిమెంటు రోడ్డు పడింది, చర్చికి కొత్త గంట వచ్చింది. పేరు మారినా మా నోళ్లు మారలేదు. నాకున్న పరిచయాల్లో మొదటిది ఆ టీచరమ్మ. ఆమె లెక్కలు చెప్పేది, నేను సోషల్ చెప్పేవాణ్ణి. ఒకే స్టాఫ్ రూములో ఏళ్ల తరబడి ఎదురెదురుగా కూర్చున్నాం. ఆమె తాత, అంతకుముందు వాళ్ల తాత, ఊరికి దండోరా వేసినవాళ్లని నాకు తెలుసు. దండోరా అనగానే నాకు ఆమె ఇల్లే గుర్తొచ్చిందంటే, అన్నేళ్లు ఎదురుగా కూర్చుని నేను చూసిందేమిటో మీరే ఊహించుకోండి.

నేను వెళ్లేసరికి ఆమె వరండాలో చాప పరుచుకుని, ఏడాది కారానికి ఎండుమిరపకాయలు తొడిమలు తీస్తోంది.

"రండి మాస్టారూ. కుర్చీ లాక్కోండి. కళ్లు మండుతాయేమో, కాస్త దూరంగా వేసుకోండి."

"పర్లేదు టీచర్ గారూ. చిన్న పని మీద వచ్చాను. మీ తమ్ముడు ఊళ్లోనే ఉన్నాడా?"

"వాడికి ఊరెక్కడిది? చీమకుర్తిలో రాళ్ల లారీ తోలుతున్నాడు. ఏం కావాలి?"

"ఆదివారం ఫంక్షన్ ఉంది కదండీ. శనివారం సాయంత్రం ఊళ్లో దండోరా వేయించాలి. మీ వాళ్లకైతే అలవాటు గదా అని..."

ఆమె నవ్వింది. "మా వాడికి డప్పు ఎటు తిప్పి పట్టుకోవాలో తెలీదు మాస్టారూ. లారీ హారనైతే ఎంతసేపైనా కొట్టిస్తా, పనికొస్తుందా?"

నేనూ నవ్వాను. అక్కడితో లేచి వచ్చేసినా బతికిపోయేవాణ్ణి. "పోనీ మీ ఇంట్లో పాత డప్పేమన్నా ఉందా? అదిస్తే ఎవరో ఒకరితో కొట్టిస్తాం. మీ తాతగారి డప్పంటే దాని విలువే వేరు," అన్నాను.

ఆమె చేతిలో కాయ చాప మీద పెట్టేసింది. "ఫంక్షన్ దేనికన్నారు?"

"అదేనండీ, పన్నుల పోరాటం రాయి."

"జప్తు వేలానికి మా తాత దండోరా వేయనన్నాడు. అందుకని వేలం జరగలేదు. వేలం జరగలేదని మీరు రాయి పెట్టుకుంటున్నారు. ఆ రాయికి మేం వచ్చి దండోరా వేయాలా?"

అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది.

"అయ్యో, నా ఉద్దేశం అది కాదండీ. అప్పుడు అందరూ చేశారు, మీ తాతగారు కూడా సహకరించారు. సభలో ఓ మాట చెప్తాలెండి."

"ఓ మాట! విస్తట్లో చివర మజ్జిగ పోసినట్టా? మీ తాతకి రాతి మీద పద్యం, మా తాతకి మైకులో ఓ మాట. నేను అడుగుతున్నా మాస్టారూ, ఆ రాయి మీద మా తాత పేరు వేయండి. ఏం చేశాడో వేయండి. మా నాన్న ఇదే మాట మీ నాన్నని అడిగాడు, చూద్దాంలే అన్నాడంట. ఇద్దరూ పోయారు. నాకూ డెబ్భై దాటాయి. నా తర్వాత అడిగేవాళ్లు లేరు. ఇప్పుడు వేయకపోతే ఇక మీరు రాసిందే నిజమైపోద్ది."

రాయి తయారైపోయిందని, కమిటీని అడగాలని ఏదో గొణిగాను. ఆమె మళ్లీ కాయ చేతిలోకి తీసుకుంది. "అడగండి. మీరు కన్వీనరంట గదా. కన్వీనరంటే కాఫీలు పోసేవాడు కాదనుకుంటున్నా," అంది.

ఇంటికి నడిచొస్తుంటే మా నాయనమ్మ చెప్పిన కథ మొత్తం గుర్తొచ్చింది. అన్నేళ్లూ ఎక్కడ దాక్కుందో! జప్తు చేసిన గొడ్లను బొడ్రాయి దగ్గర కట్టేశారట. వేలం పాడాలంటే ముందు ఊరంతా దండోరా వేయాలి. వేయకపోతే ఆ వేలం చెల్లదు, అది వాళ్ల చట్టమే. డప్పు కొట్టే మనిషిని పిలిపించారు. అతను వచ్చాడు, డప్పు తెచ్చాడు. కొట్టమంటే కింద పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పోలీసులు అతన్ని చావబాదారు. అయినా అతను డప్పు ముట్టలేదు. చివరికి అధికారి ఒక కానిస్టేబుల్‌కి రేకు డబ్బా ఇచ్చి కొట్టమన్నాడట. వాడు డబ్బా మోగిస్తూ తిరుగుతుంటే, బూరెల మూకుడు బోర్లపడ్డట్టుందని ఆడవాళ్లు తలుపుల వెనక నవ్వారట. దండోరా పద్ధతి ప్రకారం పడలేదని, పాడేవాడూ రాలేదని వేలం ఆపేసుకుని పోయారు. మా నాయనమ్మ ఆ రేకు డబ్బా చప్పుడు నోటితో చేసి చూపించేది. నేను దొర్లి దొర్లి నవ్వేవాణ్ణి. నాకు డబ్బా ఒక్కటే గుర్తుండిపోయింది.

ఆ రోజు మా తాత ఎక్కడున్నాడు? ఇంట్లో ఉన్నాడు. తలుపు వెనక నవ్విన ఆడవాళ్ల వెనక ఉన్నాడు. ఇదీ నాయనమ్మే చెప్పింది. నేను 'జప్తు వేలం జరగనివ్వని ధీరుడు' అని రాసింది ఆయన గురించి.

ఆ తర్వాతది కథలా చెప్పలేదు, ఇంట్లో మామూలు మాటల్లో నలిగేది. పై నాయకులు పోరాటం ఆపేశారని తెలియగానే రైతులంతా బకాయిలతో సహా శిస్తు కట్టేశారు. కట్టి, భూములు నిలుపుకున్నారు. మా తాత క్షమించమని రాసిచ్చి మునసబు ఉద్యోగం తిరిగి పుచ్చుకున్నాడు. తృణప్రాయంగా వదిలిన పదవిని గడ్డిపరక ఏరుకున్నట్టు వంగి ఏరుకున్నాడు. దండోరా మనిషికి మాత్రం క్షమాపణ లేదు. ఊరి చాకిరీకి బదులుగా శిస్తు లేకుండా అనుభవించే మాన్యం చెక్క, అంటే చిన్న పొలం ముక్క, ఒకటి అతనికుండేది. చాకిరీ చేయనన్నాడని సర్కారు దాన్ని రద్దు చేసి, శిస్తు భూమిగా మార్చింది. దాని పట్టా ఎవరికివ్వాలో సిఫారసు చేయాల్సింది మునసబు. మా తాత మా నాయనమ్మ పేరు చెప్పాడు.

శిస్తు కట్టేది లేదన్నవాళ్లంతా కట్టి బాగుపడ్డారు. శిస్తే లేనివాడు నేల పోగొట్టుకున్నాడు. ఇంత ఘనమైన పోరాటం మాది.

ఆ పొలాన్ని మా ఇంట్లో 'డప్పు చెక్క' అనేవాళ్లు. డప్పు చెక్కలో పత్తి తీయిస్తున్నారు, డప్పు చెక్కకి గొర్రు తోలారు అంటూ వింటూ పెరిగాను. ఎందుకా పేరని ఒక్కసారి అడగలేదు. ఎవరో అడిగితే గుండ్రంగా ఉంటుందేమోనని చెప్పాను కూడా. అది పలకలా నాలుగు మూలలున్న పొలం. నా చదువు కోసం, తర్వాత మా తమ్ముడి వ్యాపారం కోసం నాన్న దాన్ని అమ్మేశాడు. ఇప్పుడు అక్కడ కోల్డ్ స్టోరేజీకి వచ్చే లారీలు ఆగుతాయి.

సాయంత్రం కమిటీలో మాట కదిపాను. రాయి మీద ఒక్క లైను చేర్చాలన్నాను.

బావ బజ్జీ కొరుకుతూ విన్నాడు. "డప్పు కొట్టినోడికి పేరేద్దామంటే అర్థం ఉంది. కొట్టనోడికి కూడానా? రేపు గడ్డం గీయలేదని ఒకడు, బట్టలుతకలేదని ఒకడు వస్తాడు. రాయి చాలదు, కొండ తేవాలి!"

"గీయలేదు బావా, నిజంగానే. జప్తుకొచ్చిన వాళ్లకి ఊళ్లో గడ్డం గీయలేదు, బట్టలుతకలేదు. ఇల్లొదిలి బయటికి రానిది మనోళ్లే."

"ఒరేయ్, నీ తాత పేరు పెద్దక్షరాల్లో ఏయించానా లేదా? దాని మీద నీకు పేచీ ఉందా? లేదుగా! ఇంకేంటి నీ బాధ? బజ్జీ తిను, చల్లారిపోద్ది."

తిన్నాను. ఇది కూడా రాయాలి. వాదించాల్సిన చోట మిరపకాయ బజ్జీ తిన్నాను, రెండోది కూడా తీసుకున్నాను. మా తాత మనవణ్ణని ఆ క్షణంలో ఎవరికైనా అనుమానం ఉంటే తీరిపోయేది.

ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. బజ్జీల వల్లేమోనంది మా ఆవిడ. ఆ మాటతో నాకు సిగ్గేసింది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి చీమకుర్తి వెళ్లాను.

రాయి అక్కడి పాలిష్ యూనిట్‌లో ఉంది. ఆర్డరు ఇచ్చింది కన్వీనరుగా నేనే. నల్లగా, అద్దంలా నిగనిగలాడుతూ గోడకానుకుని నిలబడి ఉంది. అందులో నా ముఖం, దాని మీద అడ్డంగా మా తాత పేరు కనిపించాయి.

"పైన ఉన్న రెండు లైన్లు తీసేయాలి," అన్నాను అక్కడి మేస్త్రీతో.

"తీసేయడమేంటి సార్? ఇదేమన్నా బడిలో పలకా, తుడిచేయడానికి? అక్షరం లోతుకి రాయి మొత్తం అరగదీయాలి. మీ ఊరాళ్ల పేర్లన్నీ పోతాయి. మళ్లీ పాలిష్, మళ్లీ చెక్కుడు."

"అరగదీయండి."

"ఆదివారానికి అవదు సార్."

"అవకపోతే మానె. కూలీ నేనిస్తాను."

అతను నన్నోసారి ఎగాదిగా చూసి, "ఆస్తి తగాదాలా సార్?" అన్నాడు.

"అలాంటిదే," అన్నాను.

మిషన్ కింద నీళ్లు పోస్తూ రాయిని అరగదీస్తుంటే బూడిదరంగు బురద కారింది. ముందు 'ధీరుడు' పోయింది. నేను బయటికొచ్చి టీచరమ్మకి ఫోన్ చేశాను. లారీల మోతలో గట్టిగా అరవాల్సొచ్చింది. రాసుకున్నది చదివి వినిపించాను: 'జప్తు వేలం సమయంలో దండోరా వేయక పోరాటానికి సహకరించారు.'

"సహకరించడమేంటి మాస్టారూ? మీరు చేస్తుంటే పక్కనుండి చెంబందించాడా? మీరెవరూ లేరక్కడ. డప్పు కింద పెట్టి సర్కారుని ధిక్కరించాడని రాయండి."

కొట్టేసి రాశాను. రెండో వాక్యం చదివాను: 'అందువల్ల తన మాన్యాన్ని పోగొట్టుకున్నారు.'

"పోగొట్టుకోడానికి జేబులోంచి జారిపోయిందా? తీసుకున్నారు. తీసుకున్నారని రాయండి."

"రాస్తున్నాను."

"ఇప్పుడు మా తాత పేరు రాసుకోండి. ఇంటిపేరుతో సహా. వత్తులు సరిగ్గా చూసుకోండి," అంటూ అక్షరం అక్షరం చెప్పింది. ఇదంతా రాసుకుంటున్న ఈ పుస్తకంలో ఎవరి పేరూ రాయకూడదనుకున్నాను. ఆ పేరు కావలసినవాళ్లు మా ఊళ్లో బస్సు దిగితే చాలు.

ఫోన్ పెట్టేశాక మూడో వాక్యం నేనే చేర్చాను: 'ఆ భూమికి తన భార్య పేరిట పట్టా పొందినది అప్పటి మునసబు.' ఈ మూడు వాక్యాలూ పైన పెట్టి, మిగతా కుటుంబాల పేర్లు ఎప్పటిలాగే కింద చెక్కమని కాగితం మేస్త్రీకిచ్చాను. మూడో వాక్యం నేనంతట నేను రాశానని తిరుగుబస్సులో ఎంత మురిసిపోయానో చెప్పలేను. దేశంలో నాలాంటి నిజాయితీపరుడు లేడనిపించింది.

మేస్త్రీ చెప్పాడేమో, బావకి ఆ సాయంత్రమే తెలిసిపోయింది. ఫోన్‌లో తిట్లు మొదలయ్యాయి. "ఒరేయ్, ఎమ్మెల్యేకి చెప్పుకున్నాం, షామియానాకి అడ్వాన్సిచ్చాం, డ్రోన్ కెమెరా వాడొస్తున్నాడు! రాయెక్కడరా? నీ రాయి నువ్వే పెట్టుకో, కమిటీ రాదు. సొంత తాతని చెరిపినోడివి, నీతో మాకేంటి?"

అన్నట్టే ఎవరూ రాలేదు. రాయి తయారయ్యాక ఒక మామూలు రోజున ట్రాలీ ఆటోలో ఎక్కించుకొచ్చాను. బస్సు ఆగేచోట పంచాయతీ వాళ్లు కమిటీకి అనుమతిచ్చిన స్థలంలోనే, ఇద్దరు కూలీలతో సిమెంటు పోయించి నిలబెట్టాను. రిబ్బను లేదు, దండా లేదు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు చదివారు. ఒకాయన నా వంక చూసి ఉమ్మేసి పోయాడు. ఇంకొకాయన తన తాత పేరుంటే చాలన్నట్టు కింద లైన్లలో వెతుక్కుని, దొరికాక తృప్తిగా బస్సెక్కాడు. చదివిన మిగతాది ఆయనకి ఎక్కినట్టు లేదు.

టీచరమ్మ గొడుగు వేసుకుని వచ్చింది. కళ్లద్దాలు పైకి తోసుకుని, పిల్లల పరీక్ష పేపరు దిద్దినట్టు ఒక్కో లైనూ చూసింది. తాత పేరు దగ్గర వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉంచింది. మెచ్చుకుంటుందని ఎదురుచూశాను, దాచుకోవడమెందుకు.

"వత్తులు సరిగ్గానే ఉన్నాయి," అంది.

"అవునండీ, దగ్గరుండి చూసుకున్నాను."

"ఈ మూడో లైను మీరు చేర్చిందా?"

"నేనేనండీ."

"ఏ మునసబు మాస్టారూ? ఊరన్నాక ఎంతమంది మునసబులు మారుంటారు? మా తాతకి ఇంటిపేరుంది, పేరుంది. మీ తాత మాత్రం ఉత్త మునసబా? పొగడ్త అయితే పెద్దక్షరాల్లో పేరు, నేల పట్టుకుపోయినప్పుడు ఒట్టి ఉద్యోగమా?"

ఆ బస్సులో మురిసిపోయిన మురిపెమంతా ఆ ఒక్క లైనులో దాక్కుని ఉంది. పేరు చెరిపానని ఊరికి కనబడేలా చెరిపాను. చెరిపిన పేరు ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టలేదు. కావాలని చేశానా అంటే, ఆలోచించి చేయలేదు. మా ఇంట్లో ఇలాంటివి ఆలోచించకుండానే వస్తాయి.

"ఎండగా ఉంది, పోతున్నా," అని ఆమె గొడుగు తిప్పుకుని పల్లె వైపు వెళ్లిపోయింది.

మర్నాడు చీమకుర్తి నుంచి చెక్కేవాణ్ణి పిలిపించాను. అతను ఉలీ సుత్తీ సంచిలోంచి తీసి రాయి ముందు గొంతుక్కూర్చున్నాడు. మూడో లైను పక్కన కాస్త చోటుంది. అక్కడ మా తాత పేరు, ఇంటిపేరుతో సహా, వత్తులు తప్పకుండా చెక్కించాను.